జరూబిన్ వదిలిన ఖాళీ

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. లెనిన్‌గ్రాద్ నగరం ఇన్నొకెంతీ జరూబిన్‌ను అలాగే చూసింది. ఊళ్ళో పియానిస్టులంతా అరిగిపోయినవే మళ్ళీ అరగదీస్తుంటే, పందొమ్మిది వందల ఇరవైలలో ఆయన పియానో కోసం రాసిన సొనాటా లైబ్రరీ అటక మీద అరవై ఏళ్ళు దుమ్ము తింది. పియానిస్టు ఆగ్నియా దాన్ని దులిపి వాయించిన రోజున భోజనం సంగతే మరిచిపోయింది. ఒకదానితో ఒకటి పొసగని బరువైన స్వరాలను గుట్టగా పోసి, వాటి అడుగు నుంచి పసిపిల్ల కూనిరాగమంత చిన్న పాటను పైకి రప్పించాడు ఆ మనిషి. ఎలా రప్పించాడో ఆమెకు అంతుపట్టలేదు. వేళ్ళు నొప్పెడుతున్నా మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది.

చిక్కంతా చివరి పుటతోనే వచ్చింది. సంగీతం ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఆ తర్వాత ఒక వరుస మొత్తం ఖాళీ. దాని మీద ఆగమని గుర్తు ఉంది కానీ, ఎంతసేపో లేదు. ఆ కింద నాలుగంటే నాలుగు స్వరాలు.

"మీ మహానుభావుడు పూర్తి చెయ్యకుండానే పోయాడు తల్లీ," అన్నాడు కచేరీల ఏర్పాట్లు చూసే వెనియామిన్. "ఆ ఖాళీ రాగానే జనం చప్పట్లు కొట్టేస్తారు. ఆ తర్వాత నువ్వు టింగుటింగుమంటే పగలబడి నవ్వుతారు. ఆ తోక కత్తిరించెయ్."

"మనిషిని అరవై ఏళ్ళకి బయటికి తీసుకొచ్చి, తీసుకురాగానే కత్తెర వెయ్యమంటావా?"

"వెయ్యకపోతే కచేరీయే లేదు. ఆ ఖాళీ ఎందుకుందో చెప్పు, ఒప్పుకుంటా."

ఆగ్నియా అడకత్తెరలో పోకచెక్క అయింది. కత్తిరిస్తే ఆయనకు అన్యాయం, మానేస్తే ఆయన మళ్ళీ అటకెక్కుతాడు. జరూబిన్ కూతురు రిమ్మా ఇన్నొకెంత్యెవ్నా నెవా నది అవతల, నాలుగు కుటుంబాలు ఒకే వంటిల్లు వాడుకునే ఇంట్లో ఉంటోందని తెలిసి అక్కడికి వెళ్ళింది.

ముసలమ్మ టీ పోసి, నల్లద్రాక్ష జామ్ గిన్నె ముందుకు జరిపింది. సంగతంతా విని, "మొన్న రీగాలో కచేరీకి వెళ్ళొచ్చానన్నావు కదమ్మాయ్, ఇల్లు కదిలే ముందు ఏం చేశావు?" అంది.

"ఏముందండీ, పెట్టె మూశాను, కోటు తొడుక్కున్నాను, అమ్మా నేనూ కాసేపు కూర్..."

ఆగ్నియాకు అప్పుడు తట్టింది. ప్రయాణానికి ముందు ఇంటిల్లిపాదీ మాట్లాడకుండా కాసేపు కూర్చోవడం రష్యాలో ప్రతి ఇంట్లోనూ ఉన్న ఆచారం, ఆమె పుట్టినప్పటి నుంచీ చేస్తున్న పనే. కాగితం మీద కనిపించేసరికి పోల్చుకోలేకపోయింది. తన మీద తనకే సిగ్గేసింది.

"సర్కారు నాన్నని ఊరు విడిచిపొమ్మంది," అంది రిమ్మా. "తీసుకెళ్ళే మనిషి గుమ్మంలోనే ఉన్నాడు. నాన్న కోటు తొడుక్కునే వాయించాడు. ఆ ఖాళీ దాకా వచ్చి, చేతులు తీసేసి మా వైపు తిరిగి కూర్చున్నాడు. మేం పెట్టెల మీద కూర్చున్నాం. మా నానమ్మ లేచి, 'ఇక దేవుడే తోడు' అంది. నాన్న మళ్ళీ పియానో వైపు తిరగబోతుంటే, 'చాల్లే, పద' అన్నాడు ఆ మనిషి. ఆ నాలుగూ వాయించనే లేదు. నాన్న తిరిగి రానూ లేదు. పియానో అమ్మేశారు. నాకేమో స్వరాలు చదవడం రాదు."

"ఎంతసేపు ఆగాలండీ?" అని అడిగింది ఆగ్నియా.

"నాకేం తెలుసు? పెద్దవాళ్ళు లేచేదాకా."

వెనియామిన్‌కు ఈ మాట చెబితే తల గోక్కున్నాడు. "సరే, వాయించు. నవ్వులపాలైతే మాత్రం నన్ననకు," అన్నాడు.

కచేరీ రోజున ఆ ఖాళీ రానే వచ్చింది. ఆగ్నియా చేతులు ఒళ్ళో పెట్టుకుని జనం వైపు తిరిగి కూర్చుంది. వెనక వరుసలో ఎవరో రెండు చప్పట్లు కొట్టి ఆపేశారు. ఎక్కడో కిసుక్కున నవ్వు వినిపించింది. ఆమె కదల్లేదు. ఇంతలో మూడో వరుసలో ఒకావిడ చేతిసంచి ఒళ్ళోకి తీసుకుని, ప్రయాణానికి సిద్ధమైనట్టు నిటారుగా కూర్చుంది. పక్కనున్నాయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఒకరిని చూసి ఒకరికి తెలిసిపోయింది. తలుపు దగ్గర నిలబడ్డ వెనియామిన్ కూడా మెల్లగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కూర్చున్న హాలంతటినీ ఇంకోసారి కూర్చోబెట్టిన జరూబిన్‌కు ఆగ్నియా మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

మొదటి వరుసలో రిమ్మా కర్ర ఊతంతో లేచి నిలబడింది.

"ఇక దేవుడే తోడు, నాన్నా."

ఆగ్నియా పియానో వైపు తిరిగి ఆ నాలుగు స్వరాలూ వాయించింది. అవి పూర్తిగా అణిగేదాకా రిమ్మా నిలబడే విన్నది. ఆ తర్వాత మోగిన మొదటి చప్పట్లు ఆమెవే.