అమ్మన్నమ్మ రంగం ప్రయాణం

"మరగబెట్టిన నీళ్ళు తప్ప తాగకూడదు. బజార్లో కోసి పెట్టిన పళ్ళు ముట్టుకోకూడదు. రాత్రి దోమతెర లేకుండా పడుకోకూడదు. వింటన్నావా అత్తా?"

"వింటన్నానే. మా అప్ప అన్నం కలిపి ముద్ద నోట్లో పెడితే, ఆగవే అప్పా, దీన్నోసారి మరగబెట్టి తెత్తాను అనాలేటి?"

కోడలు భానుమతి కోపం తెచ్చుకోబోయి నవ్వేసింది. అత్త అమ్మన్నమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే తెగి దగ్గులోకి దిగింది. భానుమతి పెట్టె సర్దడం ఆపకుండానే ఒక చేత్తో మంచినీళ్ళ గ్లాసు అందించింది. ఆ ఇంట్లో ఆ దగ్గు గోడ గడియారం చప్పుడు లాంటిది. ఎవరూ పట్టించుకోరు.

కలకత్తా ఓడరేవులోని ఖిదిర్‌పూర్ డాకు కార్మికుల క్వార్టర్లలో ఆ చలికాలం ఒకటే కబురు. అమ్మన్నమ్మ రంగం వెళ్తోంది. బర్మాలోని రంగూన్‌ని ఆ క్వార్టర్లలోని శ్రీకాకుళం వాళ్ళు రంగం అనే అంటారు. ఆ ఊరికి పేరు మారింది, ఆ దేశానికీ పేరు మారింది. అమ్మన్నమ్మకు మాత్రం ఏదీ మారలేదు. ఆమె పుట్టింది అక్కడే. పెళ్ళయిన కొత్తలో అక్కడి పరిస్థితులు చెడి, భర్త బైరాగితో ఓడెక్కి కలకత్తాలో దిగింది. బైరాగి ఈ డాకులోనే పనికి కుదిరాడు, ఇక్కడే పోయాడు. ఆమె అప్ప, అంటే అక్క కాసులమ్మ మాత్రం భర్తతో రంగంలోనే ఉండిపోయింది. అక్కచెల్లెళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని నలభై ఏళ్ళు దాటింది.

ఇన్నాళ్ళకు అమ్మన్నమ్మ కొడుకు గోవిందరాజు సెలవు పెట్టాడు. అతను డాకులో క్రేను నడుపుతాడు. ఎన్నేళ్ళుగానో అనుకుంటున్న మాటను ఈసారి నిజం చేసి, తల్లికీ తనకూ విమానం టిక్కెట్లు తీశాడు. కాసులమ్మ మనవరాలికి పాప పుట్టింది మరి. "దానికి పేరు నువ్వే పెట్టాల. నీ వొళ్ళో ఏసుకుని పెట్టాల" అని కాసులమ్మ ఫోన్లో పట్టుబట్టింది.

భానుమతి భయానికి కారణం ఉంది. ఆ ఏడాది టీవీ పెడితే చాలు, చైనా వైపు నుంచి ఏదో కొత్త జ్వరమని, మూతులకు గుడ్డలు కట్టుకున్న జనాన్ని చూపించేవారు. రంగం ఎక్కడ, చైనా ఎక్కడ అని భర్త అంటే, "పక్కపక్కనే ఉన్నాయి, పిల్లల మ్యాపులో చూశాను" అనేది ఆమె. అత్త అంటే ఆమెకు ప్రాణం. పురుడు పోసింది, పిల్లల్ని పెంచింది, మొగుడు తాగొచ్చిన కొత్తలో అతన్ని చీపురుకట్టతో వాకిట్లోకి తరిమింది ఆ అత్తే. అలాంటి మనిషి పరాయి దేశంలో జబ్బు పడకూడదు. అందుకే కోడలు ఉప్పు, పంచదార కలిపి తాగే పొట్లాల దగ్గర్నుంచి చేతులు కడుక్కునే సబ్బు దాకా అన్నీ పెట్టెలో సర్దింది.

ఇక దగ్గు సంగతి. ఉత్తరాంధ్ర తీరాన పాతతరం ఆడవాళ్ళు చుట్ట కాలుస్తారు. వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తారు. అమ్మన్నమ్మ కూడా పిల్లప్పుడు తల్లి దగ్గర నేర్చుకుంది. కాబట్టి ఆమె దగ్గితే అది చుట్ట దగ్గే. దసరాకు టిక్కెట్ల మాట ఖాయమైన రోజున ఆమె కాళీమాత ముందు మొక్కుకుంది. అప్పను చూసేదాకా చుట్ట ముట్టనని. మాట తప్పలేదు. అయినా దగ్గు తగ్గలేదు సరికదా, కాస్త పెరిగింది. దానికి పక్కింటి గురువులు కారణం చెప్పాడు.

"ఇన్నేళ్ళ పొగ లోపలుండిపోనాది కదా పిన్నీ! అదంతా బయటికి రావద్దా? చుట్ట మానితే దగ్గు పెరగడం మంచి గుణం."

"నువ్వు డాక్టరీ ఎప్పుడు సదివావురా?" అని అమ్మన్నమ్మ వెక్కిరించింది గానీ, ఆ మాట అందరికీ నచ్చింది. ఇంటిల్లిపాదీ నమ్మారు.

ప్రయాణానికి ముందు టైఫాయిడ్ సూది వేయించుకోవడం మంచిదని ఎవరో చెప్పగా, భానుమతి అత్తను డాక్టర్ అరుంధతి దగ్గరికి తీసుకువెళ్ళింది. ఆవిడ గుంటూరు వైపు మనిషి. భర్త బ్యాంకు ఉద్యోగం మీద కలకత్తా వచ్చి, డాకు దగ్గర చిన్న క్లినిక్ పెట్టుకున్నారు. తెలుగులో నొప్పి చెప్పుకోగలిగే చోటని క్వార్టర్ల ఆడవాళ్ళంతా ఆమె దగ్గరికే వెళ్తారు.

భానుమతి తాను సర్దిన వస్తువులన్నీ పాఠంలా అప్పజెప్పింది. డాక్టరమ్మ మెచ్చుకున్నారు. అంతలో అమ్మన్నమ్మకు దగ్గు తెర వచ్చింది.

"ఈ దగ్గు ఎప్పట్నుంచండీ?"

"సుట్ట దగ్గమ్మా. నువ్వు సూది ఎయ్యి."

"చుట్ట ఇప్పుడు కాలుస్తున్నారా?"

"అమ్మో, మొక్కు కదా! దసరా నుంచి ముట్టలేదు."

"దసరా వెళ్ళి కాళీపూజ వెళ్ళి క్రిస్మస్ వస్తోంది. చుట్ట వల్ల వచ్చిన దగ్గయితే చుట్ట మానాక మెల్లగానైనా తగ్గుముఖం పట్టాలి కదా?" డాక్టరమ్మ స్టెతస్కోపు తీసుకున్నారు. "సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడుతోందా? ఈమధ్య చిక్కారా?"

అమ్మన్నమ్మ పైట సర్దుకుంది. భానుమతికి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ప్రయాణం కోసం కుట్టించిన కొత్త రవికలు వదులయ్యాయని తాను రెండుసార్లు కుట్లు లోపలికి వేసింది. అక్కను చూడాలన్న ఆత్రంతో తిండి తినడం లేదనుకుంది. సాయంత్రం ఒళ్ళు వెచ్చగా ఉంటే చలిగాలి అనుకుంది.

డాక్టరమ్మ టైఫాయిడ్ సూది పక్కన పెట్టి, సర్కారు ఆసుపత్రిలో కఫం పరీక్షకు చీటీ రాసిచ్చారు. అమ్మన్నమ్మ ఇంటికి వచ్చేదాకా గొణుగుతూనే ఉంది. ఫలితం వచ్చింది. టీబీ.

ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. గోవిందరాజు ముందు వీధి తలుపు మూశాడు.

"పది రోజుల పనే కదా" అన్నాడు గొంతు తగ్గించి. "మాత్రలు జేబులో ఏసుకుని ఎలిపోదాం. ఎయిర్‌పోర్టులో ఎవుడు అడుగుతాడు? అమ్మ ఇన్నేళ్ళు ఎదురు సూసింది."

"అక్కడ పసిపాప ఉంది" అంది భానుమతి.

"పాపకి దూరంగా ఉంటాది."

"మీ అమ్మా? పాప కనబడితే దూరంగా ఉంటాదా?"

అప్పటిదాకా గోడకు ఆనుకుని కూర్చున్న అమ్మన్నమ్మ ఒక్కసారి లేచింది. "నువ్వేనే నన్నా డాక్టరమ్మ కాడికి లాక్కుపోనావు. సుబ్బరంగా ఇమానం ఎక్కిపోయేదాన్ని. మా అప్పకి డెబ్బై దాటిపోనాది. ఈ మందులైనంత కాలం అది ఉంటాదని నువ్వు రాసిత్తావా?"

నిజమే, భానుమతి అలా రాసివ్వలేదు. వంటింట్లోకి వెళ్ళి పొయ్యి దగ్గర నిలబడింది. రంగంలో దోమల్ని లెక్కపెట్టాను, రంగంలో నీళ్ళను అనుమానించాను, చైనా జ్వరానికి భయపడ్డాను, పక్క గదిలో దగ్గును మాత్రం వినలేదు అనుకుంది. ఆమెను కుదిపేసింది ఆ సంగతే.

మర్నాడు ఇంట్లో అందరూ పరీక్షకు రావాలని డాక్టరమ్మ కబురు పెట్టారు. అందరితో పాటు అమ్మన్నమ్మ కూడా వెళ్ళింది. కోడలితో మాట్లాడకుండా వెళ్ళింది. డాక్టరమ్మ ఎదుట కూర్చుని సూటిగా అడిగింది.

"దాపరికం నేకుండా సెప్పమ్మా. ఆ పాపని నా వొళ్ళో ఏసుకుంటే ఏటవుతాది?"

డాక్టరమ్మ ఆమె చేయి పట్టుకున్నారు. "అంటుకోవచ్చు అమ్మన్నమ్మగారూ. ఒళ్ళో వేసుకున్నందుకు కాదు, మీరు దగ్గినప్పుడు ఆ గదిలో గాలి ద్వారా. పెద్దవాళ్ళకు అంటితే అందరికీ జబ్బు చెయ్యదు. పసిపిల్లలకు తట్టుకునే శక్తి ఉండదు, ఒక్కోసారి మెదడు దాకా పాకుతుంది. విమానంలో పక్క సీట్లో వాళ్ళ సంగతి కూడా ఆలోచించాలి కదా."

"మరి నేను పోతానేటి?"

"ఎక్కడికీ పోరు. ఇది నయమయ్యే జబ్బు. మందు సర్కారు ఉచితంగా ఇస్తుంది. ఒక్క మోతాదు మానకుండా ఆరు నెలలు వేసుకోవాలి. కొన్ని వారాలు గడిచాక కఫం శుభ్రపడుతుంది, అప్పుడు అంటించే భయం చాలావరకు పోతుంది. కోర్సు పూర్తయ్యాక హాయిగా వెళ్ళండి. మధ్యలో బాగుందని మానేస్తే మాత్రం జబ్బు మొండికేస్తుంది."

అమ్మన్నమ్మ కొడుకు వైపు తిరిగింది.

"గోవిందూ, టిక్కెట్లు తిరిగిచ్చీరా."

బయటికి వచ్చాక కోడలి భుజం మీద చెయ్యి వేసుకుని నడిచింది. "నిన్న ఏదో అనీసాను. మనసులో ఎట్టుకోకు. అన్నం పెట్టు ఇంటికెళ్ళి, ఆకలేత్తంది" అంది. భానుమతికి అంతకన్నా ఏం కావాలి?

ఇక కాసులమ్మకు ఏమని చెప్పాలి? సెలవు దొరకలేదని చెబుదామన్నాడు గోవిందరాజు. టీబీ అంటే చుట్టాల్లో పరువు పోతుందన్నాడు. అమ్మన్నమ్మ ఒప్పుకోలేదు. "అప్పకి అబద్ధం సెప్పి నేను మందు మింగితే అది నాకు పని సెయ్యదు" అంది.

సాయంత్రం ముగ్గురూ ఫోన్ బూత్‌కి వెళ్ళారు. రంగం దూరం కదా, గట్టిగా అరిస్తేనే వినిపిస్తుందని ఆమె నమ్మకం. అందుకని వీధి వీధంతా వినేలా అరిచింది.

"అప్పా! నాను రావడం నేదు! నాకు టీబీ వొచ్చింది! టీబీ!"

బూత్ నడిపే బెంగాలీ కుర్రవాడు తలెత్తాడు. "మాశీ, ఆస్తే, ఆస్తే" అన్నాడు, పిన్నీ, నెమ్మదిగా అని. గోవిందరాజు తల వంచుకున్నాడు. అమ్మన్నమ్మ ఫోన్ చెవికి మరింత గట్టిగా నొక్కుకుంది.

"అమ్మన్నా" అంది కాసులమ్మ గొంతు. "మీ బావ గుండెజబ్బుతో పోనాడని నీకు సెప్పించాను కదే. గుండె కాదే. ఇదే. ఎవుళికీ సెప్పొద్దన్నాడు. సిగ్గన్నాడు. నేనూ దాసీసాను. దాసి దాసి మందేసే ఏళ దాటిపోనాది. నువ్వు సెప్పావు సూడు, మంచి పని సేసినావు."

అమ్మన్నమ్మ కళ్ళు తుడుచుకుంది. "మరి పాప పేరో?"

"నువ్వొచ్చేదాకా పేరు ఎట్టం. పాపా అనే పిలుత్తాం. నేనేటి, నువ్వు రాకుండా పోతాననుకుంటన్నావేటి? నీకు పెట్టాల్సిన తిట్లు బోల్డున్నాయి నా కాడ. నువ్వు మందు మానీసావని తెలిసిందా, నేనే ఓడెక్కి వొచ్చి తంతాను."

అమ్మన్నమ్మ నవ్వింది. ఆ నవ్వు మళ్ళీ దగ్గులోకి దిగింది. ఈసారి కోడలు చెప్పకముందే మొహం పక్కకు తిప్పి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ వీధి గుసగుసలాడకపోలేదు. కొన్నాళ్ళు ఒకరిద్దరు ఆ ఇంటికి రావడం మానుకున్నారు కూడా. కానీ అమ్మన్నమ్మ ఆరోగ్య కేంద్రానికి నడిచి వెళ్ళి, అందరూ చూస్తుండగా మందు మింగి వచ్చేది. రెండో నెలలో మాత్రలకు వికారం పుట్టి మొండికేస్తే, భానుమతి "మీ అప్పకి ఫోన్ చెయ్యమంటావా?" అని బెదిరించేది. గురువులు తనకూ దగ్గుందని భయపడి పరీక్ష చేయించుకున్నాడు. ఏమీ లేదని తేలాక, తానే ఇద్దరు తోటి పనివాళ్ళను బలవంతంగా తీసుకువెళ్ళాడు. వానాకాలం నడుస్తుండగా అమ్మన్నమ్మ కోర్సు పూర్తయింది. పరీక్షలో కఫం శుభ్రంగా ఉందని వచ్చింది. ఇంట్లో మిగతా వాళ్ళెవరికీ జబ్బు లేదని అంతకుముందే తేలింది.

మరుసటి చలికాలం మళ్ళీ టిక్కెట్లు వచ్చాయి. బయలుదేరేనాడు క్వార్టర్ల ఆడవాళ్ళంతా వాకిట్లో చేరారు. ఎదురింటి పున్నమ్మ కొడుకు నెల తిరక్కుండా కువైట్ పనికి వెళ్ళబోతున్నాడు. ఆమె దిగులు ఆమెది.

"వొదినా, ఆ దేశంలో ఏటేటి రోగాలుంటాయో, ఆడికి ఏటి కట్టియ్యాలో తెలీడం నేదు. నువ్వు సెప్పు."

అమ్మన్నమ్మ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది. ఒకప్పుడు రంగం రోగాలన్నిటికీ మందులు సర్దుకుని, సొంత జబ్బును మాత్రం చూసుకోకుండా మోసుకుపోబోయిన మనిషి ఆమె. అందుకే ఆమె మాటను చదివే ప్రతివారూ తమకు చెప్పిందిగానే తీసుకోవాలని మనవి.

"సూదులు ఏయించు, నీళ్ళు మరగబెట్టుకోమను, అవన్నీ మా కోడలు సెప్తాది. అంతకన్నా ముందు ఆణ్ణి డాక్టరమ్మ కాడికి తీసుకుపో పున్నమ్మా. పరాయి దేశం పోయే మనిషి అక్కడ ఏ జబ్బు తగులుకుంటాదోనని బెంగెట్టుకోడం మంచిదే, కానీ ఇక్కణ్ణించి ఏ జబ్బు మోసుకుపోయి అయినవాళ్ళ మీద దించుతామో ముందు సూసుకోవాల. జబ్బు వొచ్చిందని సెప్పుకోడం సిగ్గు కాదు, తెలిసీ దాసి ఇంకొకళ్ళకి అంటించడం సిగ్గు."