ఒక్కరి లెక్క

సింధూరి క్యారియర్ మూత బిగిస్తూంటే అత్తగారు బుల్లెమ్మ స్టూలు లాక్కుని కూర్చుని, కోడలి చీర కుచ్చిళ్ళు కిందికి లాగి సరిచేసింది. నడుం వంగదు కాబట్టి ఆ పనికి ఆమె ఎప్పుడూ స్టూలు వేసుకుంటుంది.

“ఇంతకీ నీ ఉద్యోగం ఏమిటే సింధూ? పక్కింటావిడ అడిగితే చెప్పలేకపోయాను.”

“పెన్షన్లిచ్చే కంపెనీలకి లెక్కలు కట్టడం అత్తయ్యా. మనుషులు ఎంతకాలం బతుకుతారో అంచనా వేసి, ఎంత సొమ్ము దాచుకోవాలో చెప్పాలి.”

“అయితే చిత్రగుప్తుడి దగ్గర గుమాస్తావన్నమాట!” బుల్లెమ్మ పళ్ళులేని నోటితో నవ్వింది.

సింధూరి ఏళ్ళ తరబడి గుణదలలో ఒక చిన్న ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పింది. ఆ బడి మూతపడింది. నలభై దాటాక ఈ ఆయుష్షు లెక్కల ఉద్యోగానికి కావలసిన యాక్చువరీ పరీక్షలు రాస్తానంటే పుట్టింటివాళ్ళు పెదవి విరిచారు. బుల్లెమ్మ మాత్రం ఆమె చేతిలో గరిట తీసుకుని, “పో, చదువుకో” అంది. కొడుకు లక్ష్మీకాంత్ పోయినప్పుడూ అంతే. ఓదార్పు మాటలేవీ చెప్పకుండా కోడలి మంచం పక్కన చాప పరుచుకుని పడుకుంది. ఆ చాప మళ్ళీ ఆ గది దాటలేదు.

ఆఫీసు వన్ టౌన్‌లో మిరపకాయల గోదాము పైన. తుమ్మకుండా ఆ మెట్లెక్కినవాళ్ళు లేరు. ఇంటర్న్‌గా చేరిన మొదటిరోజు, ఏ వయసులో వెయ్యిమందికి ఎందరు పోతారో చెప్పే మరణాల పట్టిక తెరవగానే సింధూరి వేలు తనంతట తానే ముప్పైతొమ్మిది దగ్గర ఆగింది. లక్ష్మీకాంత్ పోయిన వయసు. ఆ గడిలో ఎంత చిన్న అంకె! తర్వాత దొంగచాటుగా అత్తగారి వయసు గడి కూడా చూసింది. అదీ భయపడాల్సినంత పెద్దదేం కాదు. ఆ రోజు ఇంటికి వెళ్తూ బుల్లెమ్మకి ఇష్టమని జున్ను కొనుక్కెళ్ళింది.

ఆమెకు పని నేర్పుతున్న శాలిని వయసులో చాలా చిన్నది. పొద్దున బుల్లెమ్మ కుచ్చిళ్ళు సరిచేసి పంపిన రోజు మధ్యాహ్నం కుర్చీ దగ్గరగా జరుపుకుని కూర్చుంది.

“సింధూరి గారూ, మిల్లువాళ్ళు పంపిన పెన్షనర్ల జాబితాలోంచి ఈ రావమ్మ గారిని తీసేశారేంటండీ?”

“నూటరెండేళ్ళండీ. పోయి ఉంటారు, మిల్లువాళ్ళు రాయడం మరిచిపోయారనుకున్నాను.”

“పోయారని ఎవరు చెప్పారు?”

“పట్టిక ప్రకారం అయితే…”

“మొదట్లో నేనూ అలాగే తీసేసేదాన్నండీ. మనం తీసేస్తే ఆవిడకి పెన్షన్ ఆగిపోవచ్చు. ఒక్క ఫోన్ చేసి కనుక్కోండి.”

సింధూరి చెవులు వేడెక్కాయి. పిల్లల జవాబు పత్రాల్లో ఇలాంటి తొందరపాటుకే కదా తను ఎర్రసిరాతో సున్నాలు చుట్టింది! మిల్లువాళ్ళని అడిగి నంబరు తీసుకుంది. కొండపల్లిలో మనవరాలెవరో ఎత్తింది. విషయం చెప్పేలోపే అవతల ఫోను చేతులు మారింది.

“ఎవరమ్మా? నేనే, రావమ్మని. పోయానని చెప్పారా ఎవరన్నా?”

“అబ్బే, లేదండీ! ఎలా ఉన్నారో అడుగుదామని.”

“మోకాళ్ళే మాట వినడంలేదు. అడిగావు, చల్లగా ఉండు తల్లీ.”

ఫోను పెట్టేసి సింధూరి మళ్ళీ జాబితా తెరిచింది. తీసేసిన పేరును చేత్తో, ఒక్కొక్క అక్షరం కొట్టి చేర్చింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి బుల్లెమ్మ వరండాలో గోడకి ఆనుకుని, ఒళ్ళో చేట పెట్టుకుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. సింధూరి చెప్పులు విప్పుతూనే జరిగిందంతా చెప్పింది. “పోయానని చెప్పారా” అన్నచోట బుల్లెమ్మకి నవ్వుతో పొలమారింది.

“గట్టిదే! మరి నా సంగతేమంటుందే మీ పట్టిక?”

“వేలమంది సంగతి చెప్తుంది అత్తయ్యా. ఒక్కరి సంగతి దానికి తెలీదు.”

“తెలీకపోవడమే మంచిదిలే.” బుల్లెమ్మ కోడలి ముఖం తేరిపారజూసింది. “ఎండకి ఎలా వాడిపోయావో! మొహం కడుక్కుని ఇంత టీ పెట్టు. ఇద్దరం తాగుదాం.”

వంటింట్లో టీ మరుగుతుంటే సింధూరి లోపల్నుంచే కబుర్లు చెబుతూ ఉంది. శాలిని ఒక్క మాట విసుక్కోలేదని, బడిలో తను అంత ఓపిగ్గా ఉండి ఉండాల్సిందని. వరండాలోంచి ఊఁ కొట్టడం ఎప్పుడు ఆగిందో ఆమె గమనించలేదు.

గ్లాసులు పట్టుకుని వచ్చి, “అత్తయ్యా” అంది. తల గోడకి ఒరిగి ఉంది, కునుకు పట్టినట్టే. గ్లాసులు నేలమీద పెట్టి భుజం మీద చెయ్యి వేసింది. మళ్ళీ పిలిచింది. ఆ తర్వాత పిలవలేదు. జారిన పైట సరిచేసి, ఆ పక్కనే చతికిలబడి, ఇంకా వెచ్చగానే ఉన్న ఆ చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది. వీధిలో లైట్లు వెలిగేదాకా ఎవరినీ పిలవాలనిపించలేదు.

చేటలో అన్నిటికన్నా పైన, సగందాకా ఈనె లాగిన చిక్కుడుకాయ ఒకటి ఉంది. ఊడిరాని ఆ సన్నటి పచ్చ నార గాలికి కదులుతోంది.