జిగురు ఆరేదాకా

గాజు బిళ్ళ నెత్తిన జిగురు చుక్క పెట్టి, దానిమీదికి కొక్కెమున్న ఇత్తడి టోపీని పట్టకారుతో దించి, వేలితో అదిమి పట్టుకుంది కొక్కేలక్క. ఊపిరి కూడా బిగబట్టింది. టోపీ వెంట్రుకవాసి ఒరిగినా లాకెట్ మెడలో వంకరగా వేలాడుతుంది. వయసంతా ఈ పనిలోనే గడిచిపోయి, ఆమె వేలికొసలు గీతలు లేకుండా నున్నగా అరిగిపోయాయి; కార్ఖానాలో కొక్కేలక్క అన్న పేరే స్థిరపడిపోయింది.

బల్లకు అవతల చెల్లెలు కళ్ళజోడు పెట్టుకుని గాజుకు మెరుగు పెడుతోంది. ఇద్దరికీ మాటల్లేక ఏళ్ళయింది. ఏం చెప్పుకోవాలన్నా మధ్యలో మేస్త్రి ఉండాల్సిందే.

"ఈ బిళ్ళ అంచు గరుకుగా ఉందని చెప్పండి మేస్త్రీ" అంది అక్క.

"ఎదురుగానే ఉందిగా! మీ ఇద్దరి మధ్యా నా గొంతు ఎండిపోతోంది" అని రోజూ విసుక్కునే మేస్త్రి ఇవాళ మెత్తగా ఆ మాట చెల్లెలికి అందించాడు.

అమ్మానాన్నా పోయాక చెల్లెల్ని పెంచింది అక్కే. కొలిమి దగ్గర గాజు కరిగించే అతను ఒకప్పుడు వచ్చి, చెల్లెల్ని చేసుకుంటానని అడిగాడు. తను ఒక్కతే మిగిలిన ఇల్లు అక్క కళ్ళముందు మెదిలింది. "దానికి ఇష్టం లేదు బాబూ" అనేసింది. అతను ఊరొదిలి వెళ్ళిపోయాడు. చాలా కాలానికి సంగతి చెల్లెలి చెవిన పడింది. అప్పటినుంచీ ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు.

తల నెరిశాక అతను మళ్ళీ వచ్చాడు. ఈసారి చెల్లెల్నే అడిగాడు, ఆమె సరేనంది. ఇవాళే అతనితో ప్రయాణమని అక్కకు చెప్పింది కూడా మేస్త్రే.

"తప్పు నాదేనే." పొద్దుటినుంచీ ఆ మాట గొంతుదాకా వస్తోంది. మింగేస్తోంది.

ఎండ వాలాక చెల్లెలు లేచి చేతులు కడుక్కుంది. సంచి భుజాన వేసుకుంది.

"వెళ్ళొస్తా మేస్త్రీ" అంది. కానీ గుమ్మం దగ్గర ఆగిపోయింది.

అక్క వేళ్ళ మధ్య అప్పుడే అతికించిన బిళ్ళ. వదిలేసి లేస్తే సరిపోయేది. లేవలేకపోయింది.

"జిగురు... జిగురింకా ఆరలేదే" అంది, తిన్నగా చెల్లెలి మొహంలోకి చూస్తూ.

చెల్లెలు అక్క వేళ్ళవైపు చూసింది.

"ఆరనీలే అక్కా. చెయ్యి కదపకు."

చెప్పుల చప్పుడు మెట్లు దిగిపోయింది. జిగురు ఆరి టోపీ గట్టిగా అతుక్కున్నాక అక్క వీధిలోకి పరుగెత్తింది. సందు మలుపుదాకా ఎవరూ లేరు.

తిరిగొచ్చి చెల్లెలి పీటమీద కూలబడింది. బల్లమీద, గాజు పొడిలో, చెల్లెలి కళ్ళజోడు. విరిగిన కాడకు సన్నటి రాగితీగ చుట్టి ఉంది. రెండు కాడలూ బార్లా చాచుకుని, అక్క కూర్చునే వైపే చూస్తోంది.