ఎడమకి జరిగే రంధ్రం

మోటారు కింద బిగించే ఇనప పలకకి నాలుగు రంధ్రాలు. అంతే పని. నలభై ఏళ్ళుగా అదే పని చేసిన పెద్దాయన చెయ్యి. అయినా పొద్దున్న వేసిన పలక తుక్కులోకి పోయింది. రెండు రంధ్రాలు మేకు మందాన ఎడమకి జరిగాయి, మోటారు కాళ్ళలోంచి బోల్టులు దిగనంటే దిగనన్నాయి. ఆ మందంలో షెడ్డులో మిగిలింది ఇంకొక్క పలక.

మోటారు తెచ్చిన బేకరీ ఆయన గుమ్మం వదలడం లేదు. అది బిగిస్తే గాని ఆయన పిండి కలిపే మెషీను తిరగదు.

"రంధ్రం వేస్తున్నారా పెద్దాయనా, సొరంగం తవ్వుతున్నారా? మధ్యాహ్నానికి రొట్టె లేకపోతే జనం నన్ను తింటారు."

పెద్దాయనకి ఒళ్ళు మండిపోతోంది. డ్రిల్లు రెండుసార్లు సానబట్టాడు, మెషీను బెల్టు బిగించాడు. ఇంకేం చెయ్యాలి? కొత్త పలకకి సుద్ద పూసి, అడ్డంగా నిలువుగా గీతలు గీసి, అవి కలిసిన చోట గుర్తు కొట్టే పంచ్ మొన ఆనించి సుత్తి ఎత్తాడు.

లేతు మెషీను దగ్గర పని చేసుకుంటున్న కోడలు మెడ చాచింది. "మామయ్యా, పంచ్ వాలింది."

"నీ లేతు నువ్వు చూసుకో."

"ఒక కన్ను మూసి చూస్తున్నారు, మీకు నిటారుగానే ఉంటుంది. గుర్తు పక్కకి పడితే డ్రిల్లు దాని వెంటే పోతుంది."

"నువ్వు పుట్టకముందు నుంచీ కొడుతున్నాను."

"అప్పటి కళ్ళు కూడా తెచ్చుకోవాల్సింది," అన్నాడు బేకరీ ఆయన.

పెద్దాయన కొట్టాడు. డ్రిల్లు దించాడు. అది చిన్న గుంట చేసి, మళ్ళీ ఎడమకే పాకింది. టక్కున ఆపి పళ్ళు నూరాడు. ఇంకాస్త దిగితే ఈ పలకా పోయినట్టే. గుంటకి కుడి పక్కన ఉలితో సన్నటి గాడి చెక్కితే డ్రిల్లు అటు లాగుతుంది. ఆ కిటుకు కోడలికి నేర్పింది తనే. వంగి చూశాడు. గుంట, గీత, సుద్ద అన్నీ ఒకటే మసక.

ముఖం గోడవైపు తిప్పుకుని, ఉలి ఆమె వైపు చాపాడు.

కోడలు లేతు ఆపి వచ్చింది. మూడు దెబ్బలు కొట్టింది. ఈసారి డ్రిల్లు నంగనాచిలా గీతల మధ్యకి వచ్చి కూర్చుంది.

మిగతా మూడింటికి పంచ్ ఆయనే పట్టుకున్నాడు. "చెప్పు."

"కుడికి వంచండి. ఇంకాస్త. అంత కాదు. ఆ, కొట్టండి."

ఆమె 'కుడికి' అన్నప్పుడల్లా నెత్తిన మొట్టికాయ పడ్డట్టే ఉంది ఆయనకి.

బోల్టులు నాలుగూ దిగాయి. బేకరీ ఆయన మోటారుని తోపుడుబండి మీద వేసుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళాడు.

"రేపు గేటుకి నలభై రంధ్రాలున్నాయి," అన్నాడు పెద్దాయన, చేతులు తుడుచుకుంటూ.

"పిలవండి, వస్తాను."

"పిలవను. నువ్వే రా."