పుస్తకంలో లేని సంతకం

ముప్పై ఒక్క ఏళ్లుగా ఈ జైల్లో తోటి ఖైదీలకు పిటిషన్లు రాసిపెడుతున్నాను. లాయర్లంటే నాకు ఒళ్లు మంట. వాళ్లకంటే నాకే ఎక్కువ తెలుసని పొగరు కూడా.

పక్క సెల్లో రాండెల్ పికెట్‌కి యావజ్జీవం. హత్య జరిగిన శుక్రవారం సాయంత్రం అతను చర్చి వంటగదిలో మిస్ యూలా అనే ఆవిడతో కలిసి చేపలు వేయిస్తున్నాడు. ఆ మాట చెప్పడానికి ఆమె మూడు రోజులు కోర్టు వరండా బల్ల మీద కూర్చుంది. అతని తరఫున ప్రభుత్వం పెట్టిన లాయరు ఆమెను లోపలికి పిలవనే లేదు. అతని అప్పీళ్లను రాష్ట్ర కోర్టులన్నీ కొట్టేశాయి. మిగిలింది ఫెడరల్ కోర్టులో, అంటే కేంద్రం కోర్టులో, అన్యాయంగా జైల్లో పెట్టారని వేసే హెబియస్ పిటిషన్ ఒక్కటే, దానికి ఏడాది గడువు. లాయరు చేతకానితనం గురించి రాస్తుంటే నాకు పండగే. నాలుగుసార్లు తిరగరాసి, గడువు ఆఖరి రోజుదాకా తెచ్చాను.

ఆ రోజు భోజనశాలలో కొట్లాట జరిగి అందరినీ సెల్లుల్లో పెట్టి తాళాలేశారు. కోర్టు కవర్లు తీసుకునే ఆఫీసరు తన పుస్తకంలో తేదీ వేసి సంతకం చేయిస్తే, అవి ఎప్పుడు చేరినా ఆ తేదీయే లెక్క. ఆయన రాలేదు. మామూలు ఉత్తరాల సంచీ వచ్చింది. కవరు పట్టుకుని పక్క సెల్లోంచి రాండెల్ అడిగాడు:

"పెద్దాయనా, పుస్తకం ఆయన వచ్చేట్టు లేడు. ఇందులో వేసెయ్యనా?"

"వేసెయ్‌రా. లోపల పిటిషన్ మీద తేదీ వేశాంగా, చాలు. నాకు తెలీదా?"

అరగంటకి పుస్తకం వచ్చింది. మా దగ్గర ఇంకో ప్రతి లేదు, మళ్లీ రాద్దామంటే లైబ్రరీకి తాళం.

కవరు మూడు రోజులు ఆలస్యంగా కోర్టుకి చేరింది. జవాబు రెండు పేజీలు: జైల్లో కోర్టు కవర్లకు వేరే ఏర్పాటు ఉండగా దాన్ని వాడలేదు, గడువు దాటింది, కొట్టేశాం. మిస్ యూలా పేరు అందులో ఎక్కడా లేదు.

రాండెల్ లైబ్రరీ బల్ల దగ్గర అది రెండుసార్లు చదివాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"చేతకాని లాయరని నీ మీద పిటిషన్ వెయ్యొచ్చా, పెద్దాయనా?"

"నేను లాయర్ని కాను కదరా."

"అంటే అదీ లేదన్నమాట."

నాకు సిగ్గేసింది. ఏదో ఒకటి చెయ్యాలని కాగితం ముందుకు లాక్కున్నాను. "మిస్ యూలాకి ఉత్తరం రాస్తాను. ఏమని రాయమంటావు?"

అతను నా చేతిలోంచి పెన్ను తీసుకున్నాడు.

"వద్దులే. అది నేనే రాసుకుంటా."