గుంజకు కట్టిన తువ్వాల

గోదారి చెన్నూరు చేల మీదికి వచ్చి పత్తినంతా ముంచిపోయిన ఏడు ఇది జరిగింది. నీళ్ళు తీశాక మేము మక్కజొన్న పెట్టాం. వరదకు చెదిరిన అడవి పందులు మక్క మీద పడ్డాయి. నా కొడుకు అరుణ్ చేను చుట్టూ తీగ కట్టి కరెంటు ఇచ్చాడు. అట్లా పెట్టవద్దని ఊళ్ళో చాటింపు వేశారు. అయినా పెట్టాడు. నేను వద్దనలేదు.

పొద్దుగూకాక స్విచ్చు వేయడం వాడి పని. తెల్లవారాక ఆపడం నా పని. ఆపిన తర్వాత నా ఎర్ర తువ్వాలను స్విచ్చు డబ్బా ఉన్న గుంజకు కట్టాలి. ఆ దారిన పోయేవాళ్ళు ముందు గుంజ వైపు చూస్తారు. తువ్వాల ఉంటేనే మా చేను దాటుతారు.

నాకు పార్కిన్సన్ జబ్బు వచ్చి నాలుగేళ్ళు. కుడిచెయ్యి వణుకుతుంది. కొడవలి నిలవదు. అంగీ గుండీలు నా భార్య కొమురవ్వ పెడుతుంది. గొంతు సన్నబడింది. నవ్వూ ఏడుపూ రెండూ ముఖం మీదికి రావు. లోపల కూడా ఎక్కువ లేవు. చేతిలో మిగిలిన పని ఆ స్విచ్చు ఒక్కటే.

దీపావళి ముందు కరీంనగర్‌లో డాక్టరుకు చూపించారు. ఆయన కాగితం ముందు పెట్టుకుని అడిగాడు.

"కూసున్నకాడ నిద్ర వస్తదా తాతా? బస్సుల? అన్నం తిన్నంక?"

ఆ పొద్దు బస్సులో మంచిర్యాల నుండి పెద్దపల్లి దాటేదాకా కొమురవ్వ భుజం మీదే నిద్రపోయాను. ముందు సీట్లో ఉన్న అరుణ్ చూడలేదు. ఆమె నోరు తెరిచింది. నేను ఆమె వైపు చూశాను. పక్కన అరుణ్ నిలబడి ఉన్నాడు. అవునంటే స్విచ్చు ఆపే పని కూడా వాడే తీసుకుంటాడు.

"పగటి నిద్ర మా ఇంట్ల లేదు సారూ."

"మంచిది. అయితే గోలి పెంచుతున్న. దీంతోని ఒక్కోపారి నిద్ర ముంచుకొస్తది. వస్తే దాచకు."

బయటికి వచ్చాక కొమురవ్వ నా చెవిలో, "అబద్ధమెందుకాడితివయ్యా?" అంది. నేను నడిచాను.

గోలి పెంచాక చెయ్యి కొంత నెమ్మదించింది. నిద్ర మాత్రం చెప్పకుండా వచ్చేది. బుక్క చేతిలో ఉండగానే వచ్చేది. కళ్ళు తెరిస్తే వేళ్ళకు అన్నం ఎండిపోయి ఉండేది. కొమురవ్వ చేతులు కడిగించేది. ఆమె కూడా ఎవరికీ చెప్పలేదు.

పక్క చేను సత్తమ్మ రోజూ లేగదూడను తోలుకుని మా గట్టు మీదుగా పోయేది. నాకు వరసకు మరదలు.

"ఏంది బావా, మొఖం గట్ల పెట్టినవ్? నీ ఎడ్లను నేనేమన్న తోలుకపోయిన్నా?" అనేది. నేను పలకకపోతే దూడ వీపు మీద తట్టి, "నీతోనన్న మాట్లాడుతడేమో అడుగే," అనేది.

ఆ రోజు మసకలోనే చేనుకు పోయాను. పందులు తెల్లారేదాకా వస్తాయి కాబట్టి వెలుగు వచ్చాకే ఆపాలి. తువ్వాలకు ముడి వేయడానికి నా వేళ్ళకు చాలాసేపు పడుతుంది. వెలుగు వచ్చేలోపు ఆ పని అయిపోతుందని ముందే కట్టేశాను. గుంజకు ఆనుకుని కూర్చున్నాను.

కళ్ళు తెరిచేసరికి ఎండ కాళ్ళ మీద ఉంది. సత్తమ్మ గట్టు మీద వస్తోంది. దూడ ముందు ఉంది. ఆమె గుంజ వైపు చూసింది. నన్ను చూసి చెయ్యి ఊపింది.

"కూసుండే నిద్రనా బావా? రాత్రి మా అక్క పండనియ్యలేదా?"

ఆగు అన్నాను. నాకే వినబడలేదు. లేవబోయాను. కాళ్ళు మట్టికి అతుక్కున్నాయి. స్విచ్చు నెత్తి మీదే ఉంది. చెయ్యి ఎత్తాను. భుజం దాకా వచ్చి ఆగింది. దూడ తీగ పక్కన గడ్డికి తల వంచింది.

అది అరవలేదు. ఒక్కసారి ఎగిరి పడింది. సత్తమ్మ దాని వైపు పరుగెత్తింది. నా వేలు స్విచ్చుకు అందింది. ఆపాను. ఆమె చేతులు అప్పుడే దూడ మీద పడ్డాయి.

"తువ్వాల ఉన్నది గద బావా!" అని ఏడ్చింది. "ఉన్నది గదా!"

ఏడుపు విని అరుణ్ ఉరికివచ్చి డబ్బా తెరిచి చూశాడు. "స్విచ్చు ఖరాబైంది చిన్నమ్మా. బంద్ చెయ్యంది తువ్వాల కట్టడు మా బాపు."

దూడను అక్కడే పాతిపెట్టారు. బయట అనవద్దని అరుణ్ ఆమెను బతిమాలాడు. సాయంత్రానికి కొత్త స్విచ్చు బిగించి, మళ్ళీ కరెంటు ఇచ్చాడు.

"ఇగ ఫికర్ లేదు బాపూ. రేపు నిమ్మళంగ బంద్ చెయ్యి," అన్నాడు.

మరునాడు తెల్లవారకముందే వాణ్ణి తట్టి లేపాను.

"నువ్వు పోయి బంద్ చెయ్. స్విచ్చు ఖరాబు కాలే. ముందుగాల్నే తువ్వాల కట్టి నిద్రపోయిన."

వాడు లేచి కూర్చున్నాడు. "డాక్టరుకు నిద్ర లేదంటివి గద?"

"అబద్ధం."

వాడు చెప్పులు వేసుకోకుండానే ఉరికాడు. నేను ఒక్కో అడుగూ వేసుకుంటూ సత్తమ్మ ఇంటికి పోయాను. గడపకు అడ్డంగా కూర్చుని అదే మాట చెప్పాను. ఆమె చేతిలో కొడవలి ఉంది. నా కళ్ళు మూతపడుతున్నాయి.

"అరుణ్ బంద్ చేసి వచ్చేదాక చేనుకు పోకు," అన్నాను. "నన్ను నిద్రపోనియ్యకు. తిట్టు."