తలుపు బొమ్మ కింద నంబరు

నా మరదలు వేసిన పోస్టరు చూసిన రోజు నాకు అన్నం సహించలేదు. అబద్ధమెందుకు, రెండు రోజులు సహించలేదు.

మరదలంటే నా తమ్ముడి భార్య. పెళ్ళయిన కొత్తలో ఇంట్లో ఊరికే కూర్చోలేక నా బల్ల పక్కన కుర్చీ వేసుకుంది. నేను ఏ కంపెనీలోనూ పని చేయను. సొంతంగా డిజైన్లు చేస్తాను, అవీ సబ్బులకూ షాంపూలకూ కాదు. రక్తదానం, మొక్కలు, చెవిటి పిల్లల బడి, ఇంట్లో దెబ్బలు తినే ఆడవాళ్ళకు ఆసరా ఇచ్చే సంస్థ, ఇలాంటివాటికి. పేరొచ్చే పని కాదు గానీ, నాది అని చెప్పుకోవడానికి నాకున్నది అదొక్కటే. అక్షరాల మధ్య ఎంత చోటు వదలాలో దగ్గర్నుంచి అన్నీ నేనే నేర్పాను. మూడేళ్ళు తిరక్కుండా ఏకు మేకై కూర్చుంది.

నేర్పినవాటిలో రెండు నా సొంత పద్ధతులు. ఒకటి అమ్మ పరీక్ష. అమ్మకు దూరం చూపు ఆనదు. పోస్టరు గోడకు అంటించి, అమ్మ చేత కళ్ళద్దాలు తీయించి, పదడుగుల దూరంలో నిలబెట్టి ఏం కనిపిస్తోందని అడుగుతాను. అమ్మ చెప్పగలిగితే ఎవరైనా చెప్పగలరు. రెండోది ఎర్ర నంబరు. అసలు ఫోన్ నంబరు ఇంకా రాకపోతే ఆ చోట నా నంబరే ఎర్రగా పెడతాను. నోటికొచ్చిన అంకెలు వేస్తే అవి ఎవరివో అయి కూర్చుంటాయి, నాదైతే గొడవ లేదు. ఎరుపు కంట్లో పొడుస్తుంది కనక మార్చడం మర్చిపోను. నా బల్ల దగ్గరే నేర్చుకుంది కాబట్టి మరదలి చేతికి కూడా నా నంబరే అలవాటైంది.

అమ్మ ఉండేది తమ్ముడింట్లో. అంటే నా పరీక్షాధికారి కూడా వాళ్ళింటికే చేరిందన్నమాట.

ఆసరా సంస్థ పోస్టర్లు పదేళ్ళుగా నావే. ఈసారి అక్కడి మేడమ్ ఫోన్ చేసి, "ఈ ఒక్కసారికి మీ మరదలికి ఇద్దామనుకుంటున్నామండీ, కొత్త కన్ను కదా" అంది. "దానికేం, ఇవ్వండి" అన్నాను. నా కన్నేమైనా కుళ్ళిపోయిందా అని అడిగాను, ఫోన్ పెట్టేశాక, గోడని.

ఆ ఆదివారం తమ్ముడింటికి వెళ్తే పోస్టరు హాల్లో గోడ మీద ఉంది. నల్లటి కాగితం. మధ్యలో ఓరగా తెరిచిన తలుపు, సందులోంచి పసుప్పచ్చటి వెలుగు. కింద ఎర్ర అక్షరాల్లో 'రండి, ఉన్నాం' అని. అంతే. అమ్మ కళ్ళద్దాలు చేతిలో పట్టుకుని వంటింటి గుమ్మం దగ్గర నిలబడింది.

"తలుపు తీసే ఉంది," అంది. "లోపల దీపం కూడా వెలుగుతోంది. ఎవరైనా వెళ్ళొచ్చు."

నా పదేళ్ళ పోస్టర్లు చూసి అమ్మ అన్నది ఒకటే మాట. "ఎవరో ఏడుస్తున్నారే."

"ఎలా ఉంది వదినా?" అని మరదలు ఆశగా నా మొహంలోకి చూసింది.

"ఫరవాలేదు," అన్నాను. ఆడపడుచు అర్ధమొగుడని ఊరికే అన్నారా! కాగితం అట్టడుగున ఇంకేముందో చూసే ఓపిక కూడా లేక, కళ్ళల్లో నిప్పులు పోసుకుని ఇల్లు చేరాను.

వారం తర్వాత మొక్కల కరపత్రాల కోసం ప్రెస్సుకి వెళ్ళాను. ఇద్దరిదీ ఒకటే ప్రెస్సు. ప్రెస్సాయన మిషన్ దగ్గర్నుంచి తడి ఆరని కాగితం తెచ్చి నా ముందు పరిచాడు. తలుపు బొమ్మే.

"మీ మరదలుగారిది. ఒక్కసారి మీ కన్ను పడితే నాకు ధైర్యం."

కన్ను పడింది. పడీ పడగానే నంబరు మీదే పడింది. అది నా నంబరు. సంస్థ ఈమధ్యే ఫోన్ మార్చింది, కొత్త నంబరు ఆలస్యంగా వచ్చి ఉంటుంది. మామూలుగా ఎరుపు మా కంట్లో పొడవాలి. ఈ పోస్టరులో అక్షరాలన్నీ ఎరుపే. మర్చిపోకుండా పెట్టిన గుర్తు మిగతా ఎరుపులో కలిసిపోయింది.

ఒక్క మాట అంటే సరిపోయేది. నాకు కనిపించింది మాత్రం కొత్త కన్ను అన్న మేడమ్ మొహం, ఆ కొత్త కన్నుకు నంబరే కనపడలేదని తెలిసినప్పుడు ఎలా ఉంటుందో అది. ఎవరో ఒకరు నాకు ఫోన్ చేస్తారు, ఆ నంబరు కాదని చెప్పి, మేడమ్‌కి పాపం అన్నట్టు ఫోన్ చేస్తాను. అంతా ఆ మిషన్ చప్పుడులోనే అల్లేసుకున్నాను.

"బాగుంది," అన్నాను. "వేసెయ్యండి."

ఆ పోస్టర్లు అంటించేది బస్టాండుల్లో, ఆసుపత్రుల్లో, ఆడవాళ్ళ మరుగుదొడ్ల తలుపులకి, లోపలివైపు. మొగుడు వెంట రాలేని చోటు అదొక్కటే. నాలుగో రోజు పొద్దున పదకొండుకి నా ఫోన్ మోగింది.

"అక్కా, తలుపు బొమ్మ నంబరేనా?" గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది. వెనక నీళ్ళ చప్పుడు. "ఆయన స్నానానికెళ్ళాడు. ఎక్కడికి రావాలో చెప్పు."

సంస్థ ఆఫీసు ఏ వీధిలో ఉందో నాకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. కానీ నాలుగు రోజులుగా నోట్లో వల్లించుకున్న మాటే బయటికొచ్చింది.

"ఇది ఆ నంబరు కాదండీ."

"అయ్యో. ఏమనుకోకండి," అంది. అక్కా పోయి అండీ వచ్చింది. నీళ్ళ చప్పుడు ఆగింది. ఫోన్ కట్టయింది.

తిరిగి చేయకూడదు. ఈ పని చేసేవాళ్ళందరికీ తెలిసిన మొదటి నియమం అది. అటువైపు ఫోన్ ఎవరి చేతిలో ఉందో మనకు తెలీదు. తీసిన గోతిలో నేనే పడితే బాగుండేది, మొహం కూడా తెలియని మనిషిని తోశాను.

చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా తమ్ముడింటికి పరుగెత్తాను. మరదలు విని, తెల్లబోయి, రెండు నిమిషాలు కూడా ఏడవకుండా లేచి, నా నంబరు మీద అంటించడానికి కొత్త నంబరు చీటీలు ప్రింటు తీసింది. ముగ్గురం కూర్చుని కత్తిరించాం. అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని పోస్టరు కింద చూసింది. "ఇది నీ నంబరే కదే!" అంది. రోజూ నొక్కే నంబరు తనకు తెలీదూ. ప్రెస్సులో చూసిన సంగతి మాత్రం నేను చెప్పలేదు. తేలు కుట్టిన దొంగలా చీటీల మీద చీటీలు కత్తిరించాను. మేడమ్‌కి మరదలే ఫోన్ చేసి, "తప్పు నాదేనండీ" అంది. ఆ మాట అంత తేలిగ్గా ఎలా అనగలిగిందా అని దానిమీదా ఈర్ష్య పడ్డాను, చేతిలో కత్తెర ఉండగానే.

తర్వాత ఆరు రోజులు ఫోన్ చేతిలోంచి దించలేదు. స్నానాలగదిలోకి కూడా తీసుకెళ్ళాను. ఆ గొంతు మళ్ళీ రాలేదు.

ఏడో రోజు మేడమ్ ఇద్దర్నీ ఆఫీసుకి రమ్మంది. తిట్టడానికే అనుకున్నాను. వెళ్ళేసరికి మొహం వెలిగిపోతోంది.

"నిన్న ఒకావిడ తనంతట తనే వచ్చింది. చేతిలో చిన్న సంచి. పోస్టరు మీది నంబరుకు చేస్తే ఎవరో ఆవిడ కాదు పొమ్మందట. ఇక దారి లేదనుకుని ఆసుపత్రికని బస్సులో వెళ్తోంటే, ఇదిగో, మన గాజు తలుపు మీద అంటించిన ఈ బొమ్మ కనిపించిందట. గబుక్కున దిగిపోయింది. ఆవిడ కళ్ళద్దాలు మొగుడు విరగ్గొట్టాడమ్మా. బోర్డు మీద ఒక్క అక్షరం ఆనలేదట. తలుపు మాత్రం కనపడిందట."

మేడమ్ మరదలి తల నిమిరింది. మరదలు తల దించుకుంది. కాదు పొమ్మన్న ఆ ఎవరో ఆవిడ పక్కనే కూర్చుని మంచినీళ్ళు తాగింది.

బయటికొచ్చి మెట్లు దిగుతూ ఇక ఉండబట్టలేక అన్నాను. "ఆ నంబరు నేను ప్రెస్సులోనే చూశాను."

"తెలుసు వదినా."

"ఎలా?"

"మీ వదినగారు చూసి బాగుందన్నారని ప్రెస్సాయన ఆరోజే చెప్పాడు. మీరు నంబరు చూడకుండా బాగుందనే మనిషి కాదు."

"మరి తప్పు నీదని ఎందుకన్నావ్?"

"ఎరుపు మార్చనిది నేనే కదా," అంది. బస్సు వస్తోందని ముందుకు నడిచింది. ఎప్పటిలా నా చెయ్యి పట్టుకోలేదు.

తిట్టినా బాగుండేది. కడుపులో మంట చల్లారిందా అంటే లేదు, అబద్ధం చెప్పను. ఆ బొమ్మ నేను వేసి ఉండాల్సింది. వీధి దాటాక ఆగి, నా కళ్ళద్దాలు తీసి, వెనక్కి తిరిగి చూశాను. బోర్డు అలుక్కుపోయింది. గుమ్మంలో నిలబడ్డ మేడమ్ అలుక్కుపోయింది. తలుపు తీసే ఉంది.